నూనె పొయ్యి అన్న పాపానికి

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో ఒక మనిషి పడతాడు. మామూలుగా పడితే మీకు చెప్పేవాణ్ణే కాదు. వంటింటి గడప దగ్గర మొదలై, గచ్చు పొడవునా జారి, దారిలో దొరికిన సామానంతా వెంటబెట్టుకుని, అవతలి గోడకు తగిలితే గానీ ఆగడు. ఈ ప్రయాణమంతా అత్తగారి కళ్ల ముందే జరుగుతుంది. ఆ మనిషిని నేనే. ఇప్పుడు వెంట్రుకలు నెరిశాయి కాబట్టి నవ్వుకుంటూ రాస్తున్నాను గానీ, ఆ రోజు మాత్రం భూమి చీలి నన్ను లోపలికి లాక్కుంటే బాగుండునని మనస్ఫూర్తిగా కోరుకున్నాను. అది కొత్త సిమెంటు గచ్చు కావడం వల్ల చీలలేదు.

అప్పుడు బోధన్‌లో చక్కెర కార్ఖానా కొత్తగా వచ్చింది. నేను అందులో చెరుకు బండ్లను తూచే కాంటా దగ్గర గుమస్తాను. నా పేరు లింబాద్రి. పొద్దంతా కాంటా ముల్లును చూసి చూసి నా బుర్ర కూడా అలాగే తయారైంది. ఒకరి మాట వింటే ఇటు మొగ్గేది, ఇంకొకరి మాట వింటే అటు మొగ్గేది, ఎవరూ ఏమీ చెప్పకపోతే ఊరికే ఊగుతూ ఉండేది. అంగీ గుడ్డ కొందామని బజారంతా తిరిగి, సాయంత్రానికి పాత అంగీతోనే ఇంటికి వచ్చే రకాన్ని. ఇలాంటివాడికి పొయ్యి కొనే పని పడింది.

ఎందుకు పడిందో చెప్తాను. నాకు పెళ్లయింది గానీ కాపురం మొదలు కాలేదు. గంగు ఇంకా వేల్పూర్‌లో వాళ్ల అమ్మగారింట్లోనే ఉండేది. నేను బోధన్‌లో ఖానావళి అన్నం తింటూ, నలుగురితో ఒక గదిలో పడుకుంటూ ఉండేవాణ్ణి. కార్ఖానా వాళ్లు క్వార్టర్ ఇస్తున్నారని తెలిసిన రోజున నేను కాంటా దగ్గర ఒక చెరుకు బండిని తూచకుండానే పంపించేశానంటే నా సంతోషం మీరే ఊహించుకోండి. తిండి కోసం కాదు. గంగు నవ్వితే ఇల్లంతా వినిపిస్తుంది. ఆ నవ్వు నా ఇంట్లో వినిపించాలని నాకు ఎంతో ఆశగా ఉండేది.

అంతలో మా అత్త నర్సవ్వ దగ్గర నుంచి కబురొచ్చింది. తెచ్చినవాడు ఆమె మాటల్లోనే అప్పజెప్పాడు.

"కొత్తింట్ల నేనే దగ్గరుండి పాలు పొంగిస్త. పొయ్యి మంచిగుండి పాలు పొంగినయా, బిడ్డను ఆన్నే ఇడ్సిపెట్టొస్త. పొంగలేదా, ఎంబడి తోల్కొనొస్త. పసుపు ఉడకేసే దినాలు, ఇంట్ల మనుషులు సాలుతలేరు."

ఆమె అన్నదంటే చేస్తుంది. పసుపు పని మొదలైతే వేల్పూర్‌లో మళ్లీ ఎవరు ఎప్పుడు కదులుతారో దేవుడికే తెలియాలి. పాలు పొంగకపోతే నా కాపురం పసుపు కొప్పెరలో కలిసిపోయినట్టే.

అయితే పాలు పొంగాలంటే ముందు పొయ్యి ఉండాలి గదా! మా క్వార్టర్ వంటింట్లో నున్నటి సిమెంటు గచ్చు తప్ప ఇంకేమీ లేదు. మట్టి పొయ్యి వేసుకుందామని గడ్డపార తీసేసరికి కార్ఖానా మేస్త్రీ ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో గానీ, "గచ్చు మీద దెబ్బ వడ్డదంటె క్వార్టర్ వాపస్" అని చెప్పి మరీ వెళ్లాడు. అంటే మా అమ్మకూ, వాళ్ల అమ్మకూ తెలిసిన ఒకే ఒక్క పొయ్యి నాకు లేకుండా పోయింది. కొత్త పొయ్యి కోసం నిజామాబాద్ బజారుకు బయల్దేరాను.

నాకు పాత పరిచయమున్న ఖాసిం సాబ్ తన ఇనుప సామాన్ల దుకాణంలో గద్దె మీద కూర్చుని ఉన్నాడు.

"ఆయియే లింబాద్రి సాబ్, ఏం గావాలె?"

"పొయ్యి గావాలె, సాబ్."

"ఏ పొయ్యి?"

నా కష్టాలన్నీ ఈ రెండు ముక్కల ప్రశ్నతోనే మొదలయ్యాయి. పొయ్యిల్లో రకాలుంటాయని నాకు తెలియదు. పొయ్యి అంటే పొయ్యే అనుకున్నాను. అందుకని తెలివిగా, "మంచి పొయ్యి" అన్నాను.

"మంచియి మూడున్నయ్" అన్నాడు సాబ్, ఇంకా తెలివిగా.

మొదట ఒక ఇనుప సిగిడి తీసి ముందు పెట్టాడు. "గీన్ల బొగ్గులెయ్యి, ఇసురు, అయిపాయె. కబాబులు గూడ మస్తు అయితయ్."

"మేం కబాబులు తినం, సాబ్."

"ఫికర్ లేదు. వంకాయ కాల్సుకో."

నాకు సిగిడి నచ్చింది. ఇదే తీసుకుందామనుకున్నాను. అంతలో సాబ్ ఒక రేకు డబ్బాను దొర్లించుకుంటూ వచ్చాడు. దానికి కింద ఒక కన్నం ఉంది.

"గిది ఊక పొయ్యి. నడుమ రోకలి నిలవెట్టు, సుట్టూత ఊక దట్టియ్యి, రోకలి తీసెయ్యి, కింద అంటువెట్టు. ఒక్కపారి అంటుకున్నదంటె పొద్దుమీకె దాక దానంతట అదే మండుతది."

"నడుమల ఆర్పాలంటె?"

"ఆర్పుడెందుకు?"

నిజమే, ఆర్పడం ఎందుకు? నాకు ఊక పొయ్యి కూడా నచ్చింది. సిగిడి మీద మనసు కొంచెం విరిగింది. అప్పుడు సాబ్ లోపలికి వెళ్లి, పెళ్లికూతుర్ని తెచ్చినంత భద్రంగా ఒక ఇత్తడి వస్తువును రెండు చేతులతో పట్టుకొచ్చాడు. మూడు కాళ్లు, కింద గుండ్రటి బుడ్డి, పక్కన పిచికారీ లాంటి కడ్డీ. తళతళ మెరుస్తోంది.

"విలాయతి మాల్" అన్నాడు గుసగుసగా. "నూనె పొయ్యి."

ఇప్పుడు మీరంతా స్టవ్వు అంటున్నారు. అప్పట్లో ఆ మాట మా నోళ్లకు ఎక్కలేదు. కిరసనాయిలుతో మండుతుంది కాబట్టి దాన్ని నూనె పొయ్యి అనేవాళ్లం. సాబ్ దాని నెత్తిన ఏదో పోసి, అంటించి, కడ్డీ పట్టుకుని గాలి కొట్టడం మొదలుపెట్టాడు. ఉన్నట్టుండి అది బుస్సుమని లేచి, హోరుమంటూ నీలం మంటతో మండింది. నేను ఎప్పుడు వెళ్లానో తెలియదు గానీ, చూసుకునేసరికి సున్నం బస్తాల వెనక ఉన్నాను.

"సాబ్, గిది వంట జేస్తదా, కొట్లాడ్తదా?" అన్నాను అక్కడి నుంచే.

"ఆవాజ్ పెద్దది గని దిల్ సాఫ్. పొగ లేదు, మసి లేదు, ఊదుడు లేదు. గాలి దండిగ కొట్టాలె, గంతే. కొంచెం కొంచెం కొడితె పని గాదు."

నాకు ఇదీ నచ్చింది. మూడూ నచ్చాయి. మూడూ నచ్చకుండా కూడా పోయాయి. సిగిడికి బొగ్గులు కావాలి, ఊక పొయ్యి ఆరదు, నూనె పొయ్యి అరుస్తుంది. ఖాసిం సాబ్ నమాజుకు పోయి వచ్చాడు, నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఇంటికి పోయి అన్నం తిని వచ్చాడు, నేను అక్కడే ఉన్నాను. గిరాకీలు వచ్చి నన్నే దుకాణం మనిషి అనుకుని మేకుల బేరం అడిగి వెళ్తున్నారు. చివరికి సాబ్‌కు విసుగొచ్చింది.

"మూడూ తీస్కపో, భాయ్! ఇంటికాడ సూసుకో. నచ్చింది ఉంచుకో, నచ్చనియి మల్ల తెచ్చియ్యి. గని నా దుకాన్ ముంగట మాత్రం నిలవడకు."

అలా మూడు పొయ్యిలతో బోధన్ చేరుకున్నాను. ఒకటి కొనలేనివాడు మూడు మోసుకొచ్చాడని క్వార్టర్లన్నీ చెప్పుకున్నాయి.

మా పక్క క్వార్టర్‌లో రాజన్న ఉండేవాడు. కార్ఖానాలో బాయిలర్ దగ్గర పని. లోకంలో మంట అనేది ఎక్కడ ఉన్నా అది తన శాఖ కిందికే వస్తుందని అతని నమ్మకం. నా మూడు పొయ్యిల చుట్టూ తిరిగి చూసి, ఊక పొయ్యి మీద చెయ్యి వేశాడు.

"గిదే ఉంచుకో, లింబాద్రన్నా. ఊక గూడ ఎందుకు, చెరుకు పిప్పి తెస్త. గంత పెద్ద కార్ఖానానే పిప్పితోని నడుస్తది, నీ ఇంట్ల బువ్వ ఉడకదా?"

నాకు ఈ మాట అద్భుతంగా తోచింది. వెంటనే ఇద్దరం పిప్పి దట్టించాం. రోకలి పీకాం. రోకలితో పాటు పిప్పి కూడా పైకి వచ్చేసింది. మళ్లీ దట్టించాం, మళ్లీ పీకాం, చివరికి ఎలాగో అంటించాం. మంట రాలేదు గానీ పొగ వచ్చింది. ఆ పొగ ఎంతటిదంటే, కార్ఖానా గొట్టం మా ఇంట్లోకి వచ్చిందా అని వీధిలో వాళ్లు బిందెలతో నీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

"గాలి సాల్తలేదు" అన్నాడు రాజన్న దగ్గుతూ.

"మరి ఏం జేద్దాం?"

"సిగిడే మంచిది. నేను ముందుగాల్నే అనుకున్న."

సరే, సిగిడి అంటించాం. విసిరాం, విసిరాం, విసురుతూనే ఉన్నాం. బొగ్గులు ఎర్రబడేసరికి మా ఇద్దరికీ ఆకలి చచ్చిపోయింది. ఆ తర్వాత నూనె పొయ్యి. దానికి నేను గాలి కొడితే బుసబుస పొగలు కక్కింది. రాజన్న కొడితే మంట పైకప్పు చూడ్డానికి వెళ్లింది. ఇద్దరం కలిసి తలుపు చాటు నుంచి దానికి దండం పెట్టాం.

అప్పటి నుంచి నా పరిస్థితి ఏం చెప్పమంటారు? పొద్దున పళ్లు తోముకునేటప్పుడు సిగిడి. కాంటా దగ్గర కూర్చోగానే, కాదు, ఊక పొయ్యి. ఇంటికి వచ్చేటప్పుడు, అదేం లేదు, ఇత్తడి ఇత్తడే, నూనె పొయ్యి. చెరుకు తోలుకొచ్చిన రైతులను కూడా వదల్లేదు. "నీ ఇంట్ల ఏ పొయ్యి, పటేలా?" అని అడిగేవాణ్ణి. "కట్టెల పొయ్యి" అని ఆయన చెప్తే నాకు అదొక కొత్త బాధ.

"నువ్వు గిట్లనే ఆలోచన జేస్కుంట కూసో" అన్నాడు రాజన్న. "మీ అత్త అచ్చి, మల్ల పోయి, పసుపు ఉడకేసి, ఎండవోసి, అమ్ముకుంటది గూడ."

అనుకున్న రోజు రానే వచ్చింది. ఊక పొయ్యిలో ఈసారి ఊకే దట్టించి, వంటింట్లో గోడ వారగా మూడు పొయ్యిలనూ వరసగా నిలబెట్టాను. నూనె పొయ్యి మీద తువ్వాల కప్పాను, దుమ్ము పడకుండా. సవారి బండి ఇంటి ముందు ఆగింది. గంగు దిగింది. కళ్లు నా మీద, నవ్వు పెదాల మీద. ఆ వెనక ఒక చేతిలో పాల చెంబు, ఇంకో చేతిలో మంచినూనె చెంబు పట్టుకుని మా అత్త దిగింది.

ఇక్కడ మా అత్త గురించి ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో మా దిక్కు అత్తలు అల్లుడితో ఎదురుపడి మాట్లాడేవాళ్లు కాదు. కొంగు నెత్తి మీదికి లాక్కుని, చెప్పదలచుకున్నది కూతురికో, గోడకో, గొడ్డుకో చెప్పేవాళ్లు. అల్లుడు ఏరుకోవాలి.

"గంగూ, అల్లుడు సన్నగైండని జెప్పు" అంది మా అత్త తలుపుకేసి చూస్తూ. నేను ఆమెకు బారెడు దూరంలో ఉన్నాను.

"గంగూ, నేను మంచిగనే ఉన్న అని జెప్పు" అన్నాను నేను, ఆకాశంలోకి చూస్తూ.

మధ్యలో గంగు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఎటు చెప్పాలో తెలియక నవ్వుతోంది. వాళ్లిద్దరూ లోపలికి వెళ్లారు. నేను మర్యాద కోసం బయట అరుగు మీద కూర్చున్నాను. రాజన్న నాకు ధైర్యం కోసం పక్కన కూర్చున్నాడు. మా ఇంటి ముందు గది దాటితే వంటిల్లు. అక్కడి నుంచి గంగు గొంతు వచ్చింది.

"ఇగో, ఇన్నవా? అవ్వ అడుగుతున్నది. ముందుగాల ఏంది?"

అవ్వ అంటే వాళ్ల అమ్మ. ముందుగా ఏ పొయ్యి వెలిగించాలని అడుగుతోందన్నమాట! సిగిడి, ఊక, నూనె, మూడూ నా కళ్ల ముందు గిర్రున తిరిగాయి. రాజన్న వైపు చూశాను. అతను ఆకాశం వైపు చూశాడు. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం, జీవితంలో మొదటిసారి నేను ఒక నిర్ణయం తీసుకున్నాను.

"నూనె పొయ్యి!" అని అరిచాను.

"ఏందీ?"

"నూనె పొయ్యి! నూనె పొయ్యి అంటున్న!"

లోపల గుసగుసలు. మళ్లీ గంగు.

"మీ దిక్కు గూడ గట్లనేనా అంటున్నది అవ్వ!"

"ఇప్పుడు అందరు గట్లనే! ఇగ నా మాట మారది!"

"ఒక్క దిక్కా, రెండు దిక్కులా?"

మంట సంగతి అడుగుతోంది పాపం, ఒక పక్కే మండితే గిన్నె మాడుతుందని భయం. "అన్ని దిక్కులా సమంగ రావాలె!" అన్నాను.

"ఎంతనో?"

గాలి ఎంత కొట్టాలో ఖాసిం సాబ్ చెప్పింది నాకు బాగా గుర్తుంది. "దండిగ! భయపడద్దు! కొంచెం కొంచెం జేస్తె పని గాదు!"

"అబ్బో" అన్నాడు రాజన్న మెచ్చుకోలుగా. "మీ అత్త నువ్వు ఎట్లంటె అట్ల ఇంటున్నదే!"

నేను మీసం లేని చోట మీసం దువ్వుకున్నాను.

గోడకు అవతల ఏం జరిగిందో నాకు తర్వాత గంగు చెప్తే తెలిసింది. మీకు ఇప్పుడే చెప్పేస్తాను, ఒక్కణ్ణే ఎందుకు బాధపడాలి? మా అత్త వంటింటి గడప ముందు నిలబడి, "కొత్తింట్ల కొత్త కోడలు అడుగువెట్టేటప్పుడు వీళ్ల దిక్కు ముందుగాల ఏం జేస్తరో అడుగు బిడ్డా, ఒక్కో ఇంటికి ఒక్కో ఆచారం ఉంటది" అని గంగుతో అంది. గంగు దాన్ని కుదించి అడిగింది. నేను బయటి నుంచి వాళ్లకు వినిపించేలా "నూనె పొయ్యి" అన్నాను. వాళ్ల ముందున్నది గడప. కొత్త కోడలు వచ్చినప్పుడు గడపకు అటూ ఇటూ నూనె పోయడం మా వైపు ఉన్నదే. మా అత్త చేతిలో మంచినూనె చెంబు కూడా ఉంది. ఇంక పొయ్యమంటే పొయ్యదా?

మా అత్త మహా సంతోషపడిందట. "సదువుకున్నోడు, కొలువు జేస్తున్నోడు, గిసుంటియి మర్సిపోతడనుకున్న. మంచి ఆచారం ఉన్నోడే" అని, ఇటు పోసి, అటు పోసి, అన్ని దిక్కులా సమంగా పోసి, దండిగా, భయపడకుండా, గానుగలో ఆడించి తెచ్చిన చెంబెడు మంచినూనెనూ గడప మీద కుమ్మరించింది. వేల్పూర్‌లో అయితే పేడతో అలికిన మట్టి నేల ఎంత పోసినా తాగేస్తుంది. మా సిమెంటు గచ్చు చుక్క కూడా తాగలేదు. తల్లీ కూతుళ్లు చీరలు ఎత్తి పట్టుకుని ఒక్క అంగలో దాన్ని దాటి లోపలికి వెళ్లారు. మూడు పొయ్యిల్లో తమకు తెలిసిన మొహం సిగిడి ఒక్కటే కాబట్టి దాన్ని పెరట్లో రాజేసి తెచ్చి, దాని మీద పాలు పెట్టారు. తువ్వాల కింద ఉన్నది ఏమిటో వాళ్లు చూడనే లేదు.

బయట నేను చెవులు రిక్కించి కూర్చున్నాను. నూనె పొయ్యి అంటుకుంటే వీధి చివరి దాకా వినపడాలి. లోపల చప్పుడే లేదు. చాలాసేపు ఓపిక పట్టాను. ఇక పట్టలేక అడిగాను.

"గంగూ! నూనె ఏమాయె?"

"నూనె ఎప్పుడో అయిపాయె!" అంది గంగు ఉత్సాహంగా.

పొద్దున్నే నా చేతులతో బుడ్డి నిండా కిరసనాయిలు పోశాను. అప్పుడే అయిపోయిందంటే అడుగున కారిపోయినట్టే! కారి గచ్చంతా పారినట్టే! అక్కడే గంగు, అక్కడే అగ్గిపెట్టె! మర్యాద లేదు, ఆచారం లేదు, అత్త లేదు. "గంగూ, బయటికి రా!" అని కేక పెట్టి ఒక్క ఉరుకు ఉరికాను. ముందు గది ఎప్పుడు దాటానో తెలియదు. నా కుడికాలు వంటింటి గడప మీద పడింది. ఆ తర్వాత ఆ కాలి మీద నాకు ఎలాంటి అధికారమూ లేకపోయింది.

నేను కూర్చున్నాను. కూర్చునే ప్రయాణం చేశాను. సరిగ్గా అప్పుడే సిగిడి మీద పాలు గిన్నె అంచు దాకా లేచాయట, మా అత్త చేతులు జోడించిందట. నేను వెళ్లి ఊక పొయ్యిని తన్నాను. అది దొర్లి నూనె పొయ్యిని కొట్టింది. నూనె పొయ్యి తువ్వాలతో సహా పల్టీ కొట్టి సిగిడి మీద పడింది. గిన్నె ఒరిగి పాలన్నీ నిప్పుల్లో పడి వాటిని ఆర్పేశాయి. సుయ్యిమని ఆవిరి, ఆవిరి వెనక బూడిద, బూడిద మీద ఊక. నా వీపు అవతలి గోడకు తగిలి ఆగింది. కప్పు నుంచి ఊక ఇంకా రాలుతూనే ఉంది.

మా అత్త మూలకు ఒదిగి నిలబడి ఉంది, నెత్తి నిండా ఊక. గిన్నెలో చుక్క పాలు లేవు. పాలు పొంగలేదు. గంగు మొహం చిన్నబోయింది. ఆ మొహం చూసి నాకు దెబ్బల సంగతి గుర్తు రాలేదు, ఏడుపు మాత్రం వచ్చింది. లేవలేక కూర్చున్నచోటే చేతులు జోడించి, ఆచారం మరిచిపోయి, సూటిగా ఆమెతోనే అన్నాను.

"అత్తమ్మా, గంగును తోల్కపోవద్దు. పొయ్యిలు మంచియే. నేనే మంచిగ లేను."

మా అత్త నా వైపు చూడలేదు. గిన్నె వైపు చూసింది.

"గంగూ, పాలు పొంగినయా?"

"పొంగలేదవ్వా" అంది గంగు సన్నగా. "ఒలికినయ్."

"మరి గింత గత్తర ఏంది? ఏం పొంగినట్టు గిది?"

గంగు నా వైపు చూసింది. ఒంటి నిండా మంచినూనె, నెత్తిన ఊక, ఒళ్లో రేకు డబ్బా. ఆమె పెదాలు వణికాయి. ఏడుస్తుందనుకున్నాను. కానీ అది నవ్వు.

"మీ అల్లుడే పొంగిండు, అవ్వా! పాలకన్న ముందుగాల మీ అల్లుడే పొంగి ఇంట్లకు అచ్చిండు!"

మా అత్త నవ్వలేదు. శకునాల విషయంలో ఆమె పరాచికాలు ఆడదు. చాలా గంభీరంగా అడిగింది.

"ఎటు దిక్కు పొంగిండు?"

"తూర్పు దిక్కే, పెద్దమ్మా!" అన్నాడు రాజన్న, గడపకు అవతల తలుపు చెక్కను రెండు చేతులతో కావలించుకుని. "సక్కగ తూర్పుకే!"

పాలు తూర్పుకు పొంగితే ఇంటికి మంచిదంటారు. నా కాళ్లు తూర్పు గోడకు ఆనలేదు, వీపు ఆనింది. మధ్యలో ఎక్కడో తిరిగినట్టున్నాను. ఏది లెక్కలోకి వస్తుందో నాకైతే అర్థం కాలేదు. మా అత్తకు అర్థమైంది. "తూర్పైతె మంచిదే" అని నెత్తి మీది ఊక దులుపుకుంది. ఆ తర్వాత కొంగు సర్దుకుని, పెళ్లయ్యాక మొట్టమొదటిసారి, గోడకు కాదు, తలుపుకు కాదు, నాకే చెప్పింది.

"బిడ్డా, పాలు పొంగకున్న గంగు ఈన్నే ఉంటది. నీ కోసం గాదు. నిన్ను ఒక్కన్ని ఇడ్సిపెట్టి పోతె కార్ఖానోళ్లకు క్వార్టర్ మిగులది."

అంతే, గంగు నవ్వింది. ఇల్లంతా వినిపించింది. నేను కూడా నవ్వబోయాను గానీ నడుము ఒప్పుకోలేదు.

సాయంత్రం గంగు సొట్టలు పడ్డ ఆ మూడు పొయ్యిల వైపు ఒక్కసారి చూసి, "గిది ఉంచుదాం" అని ఇత్తడిదాన్ని తీసుకుంది. ఎందుకని అడిగాను. "మెరుస్తున్నది" అంది. నేను అన్ని రోజులు నిద్ర మాని తేల్చుకోలేనిదాన్ని ఆమె చీర కొంగుతో తుడిచి గూట్లో పెట్టేసింది.

అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. మీరే చూడండి. నేను ఎటూ తేల్చుకోలేక తికమకపడుతున్నన్నాళ్లూ ఎవరికీ ఏమీ కాలేదు. పాలు ఒలకలేదు, నడుము విరగలేదు. ఒక్క మాట మీద గట్టిగా నిలబడ్డ రోజునే నిలబడలేకపోయాను. అందుకని ఆ సాయంత్రం ఒళ్లంతా సున్నిపిండి రుద్దుకుని స్నానం చేసి, సూర్యుడు ఎటు ఉంటే అటు తిరిగి, ఘోరమైన ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో ఇక ఏ విషయంలోనూ గట్టిగా ఒక నిర్ణయం తీసుకోను, తీసుకున్నా పైకి అనను, అన్నా అరవను.

ఆ ప్రతిజ్ఞను ఇప్పటికీ నిలబెట్టుకుంటున్నాను. ఒకటి రెండుసార్లు తప్పుదామా అనిపించింది గానీ, తప్పాలో వద్దో తేల్చుకోలేకపోయాను.